వస్తాండాది (4)

మైదుకూరు నాలుగు రోడ్ల కాడ
కడప నుంచి కర్నూలుకు నిలువు,
బద్వేలు నుంచి ప్రొద్దుటూరుకు అడ్డం.
బస్టాండు ఎంక్వైరీ కిటికీలో నేను,
కిటికీ కింద ఉడికిన శనక్కాయల గంపతో దస్తగిరమ్మ,
ఇద్దరి నడుమ ఆదివారం పేపరు.
పొట్లాలకు చింపకముందు గంటసేపు అది మాది.

ఈ వారం గళ్ళు కట్టినోడు
ఎవరో తెలుగు అయ్యవారై ఉండాల.
అడ్డం మూడు: 'వస్తే, తింటే' (4)
అడ్డం ఎనిమిది: 'వస్తూ, తింటూ' (4)
నిలువు రెండు: 'వచ్చినా, తిన్నా' (4)
ఎనిమిదో తరగతిలో బెత్తం నేర్పినవి
అరచేతిలోంచి లేచొచ్చినాయి:
చేదర్థకం, శత్రర్థకం, అప్యర్థకం.
ఏడుతో బడి మానేసిన దస్తగిరమ్మ
గళ్ళకల్లా చూసి నవ్వింది.
"చివరి రెండు గళ్ళు అన్నిటికీ ఒకటే కదా మేడమ్, ర్థ, కం.
ముందర రెండే ఎతుక్కోవాల.
మా ఇంటి అప్పుల మాదిరి,
తోక ఒకటే, తలకాయలే వేరే."

'వచ్చి, తిని'కి మూడే గళ్ళు.
మొదటి గడిలో క్త్వా రాయబోతే
పెన్సిలుకు ఊపిరాడలేదు.
క, త, వ,
పోరుమామిళ్ళ బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు,
ఒళ్ళో ఒక దీర్ఘం.

ఇంతలో మున్సిపాలిటీ ఆయప్ప వచ్చి
కర్రతో గంపను తట్టినాడు: "తియ్యి!"
విధ్యర్థకం. దీనికి ఆధారం అక్కరలేదు.
"తీస్తాండా సార్" అనింది.
మూడేండ్ల నుంచీ తీస్తానే ఉంది.
గంప జానెడు కూడా జరగలేదు.
వర్తమానకాలంతో ఇంత పని జరుగుతుందని
నాకు ఏ అయ్యవారూ చెప్పలేదు.

గోడ మీద బోర్డు చూపించి అడిగింది:
"బద్వేలు, 4.10కి బయలుదేరును.
ఈ 'ను' ఏ కాలం మేడమ్?
నిన్న బయలుదేరలేదు, మొన్నా బయలుదేరలేదు."
అది తద్ధర్మార్థకం. ఐదు గళ్ళు, తోక మళ్ళీ అదే.
బయలుదేరడం దాని ధర్మం,
ఈ పొద్దు కదలకపోయినా బోర్డు అబద్ధమాడినట్టు కాదు, అన్నాను.
కాసేపు శనక్కాయలు కలియబెట్టి
"అట్లయితే మా ఆయన కూడా
సంపాయించును" అనింది.

పేచీ వచ్చింది అడ్డం పదకొండు కాడ.
'వచ్చు' ధాతువు, వర్తమానం, బస్సుకు వాడేది (4).
నేను వస్తున్నది అని రాసినా.
ఆమె బొటనవేలితో తుడిపేసింది.
"వస్తాండాది. ఎంచుకో.
వ, స్తాం, డా, ది. నాలుగే."
నాలుగే. సరిగ్గా నాలుగే.
కానీ మూడో గడిలోంచి నిలువు ఆరు దిగుతాంది:
తోడబుట్టిన పెద్దోడు (2). అన్న.
"అన్న అని ఎవురు పిలుస్తారు మేడమ్ ఈడ?
'నా' అంటాం. ఒక్క గడి చాలు.
ఆ మిగిలిన గడి వాళ్ళనే పెట్టుకోమను."

పద్దెనిమిదేండ్లుగా మైకులో నేను
'వచ్చుచున్నది' అంటున్నాను.
మైకు కట్టేసినాక టీ బంకు పిల్లోన్ని
"ఒరేయ్, వస్తాండావా లేదా" అని కేకేస్తాను.
ఇన్నేండ్లలో ఏ ప్రయాణికుడూ
'వచ్చుచున్నదా' అని నన్నడగలేదు.

మరుసటి ఆదివారం జవాబులు వేసినారు.
ఆ పొద్దు నాకు సెలవు.
సోమవారం అడిగితే నాలిక కరుచుకుంది.
"ఖాజీపేట పిల్లోడికి పొట్లం కట్టిచ్చినా మేడమ్.
వేడి కాయలు కదా,
జవాబులన్నీ నానిపోయింటాయి."

మా పాత కాగితం కిటికీ అద్దం కింద ఉంది.
మూడో గడిలో న్న మీద డా,
డా మీద మళ్ళీ న్న,
చెమట బొటనవేలి మరక.
నాలుగూ నలభై అయింది.
చేతిలో టమేటా బుట్ట, చంకలో బిడ్డ,
ఒకామె కిటికీ తట్టి అడిగింది:
"మా, బద్వేలు బస్సూ..."
నేను మైకు మీట నొక్కినా.