ముందు ఫొటో

డిసెంబరు రెండోవారం.
ఆరిలోవ కొండ దిగువన, మా రేకుల షెడ్డులో
గచ్చు మీద ఫినాయిలు తడి ఆరకముందే
డాక్టరు తబస్సుమ్ నా చేతిలో చీటీ పెట్టింది.
"పన్నెండు కథలు. ఒక్కోదానికి రెండు ఫొటోలు,
వచ్చినప్పటిది, ఇప్పటిది.
ముప్పై ఒకటిలోగా దాతలకి ఉత్తరం వెళ్లాలి.
తవుడు కొట్టువాడు మళ్లీ ఫోన్ చేశాడు."

పోయినేడు ఉత్తరంలో మూగజీవాలు అని రాశాను.
ఆ మాట టైపు చేస్తున్నంతసేపూ
వెనక బోనులో ఒకటి ఏడుస్తూనే ఉంది.
ఈసారి ఆ మాట రాయను.

ఇప్పటి ఫొటోలు ఒక్కపూట పనే అనుకున్నాను.
మూడు కాళ్ల బొబ్బిలి కెమెరా చూడగానే
వెల్లకిలా పడి పొట్ట చూపిస్తుంది,
ఎన్ని కాళ్లో లెక్క తేలదు.
నల్లపిల్లి ఎలా తీసినా
రెండు ఆకుపచ్చ చుక్కలే పడుతుంది.
ఎండాడ మేడలకి ఇసుక మోసిన గాడిద
వీపు మీద పుండు మానిన మచ్చ చూపించదు,
పెళ్లిచూపుల్లో పిల్లలా గోడవైపు తిరుగుతుంది.

కథల కోసం తిరిగాను.
ఫిషింగ్ హార్బరు, తెల్లారగట్ల ఐదు.
నూకరత్నం నెత్తి మీద తట్ట దించకుండానే
"ఏటి కతమ్మా? తెగిపోయిన వల్లో సిక్కుండిపోనాది.
కోసీసినాం. మీకు ఫోను సేసీసినాం. అంతే కదేటి" అంది.
నోటుబుక్కులో సగం పేజీ నిండలేదు.
దానికి పేరేటి పెట్టినారని మాత్రం
రెండుసార్లు అడిగింది,
రెండోసారి, నేను చెప్పిన తరవాత.

గాజువాక ఆటో ఎల్లాజీ
కుక్క సంగతి ఎత్తలేదు.
ఆ రాత్రి వాన ఎంత కురిసిందో చెప్పాడు,
సీటు కవరు మార్పించడానికి ఎంతయిందో చెప్పాడు,
వెంటనే నాలిక కరుచుకుని
"అది రాయకండి మేడమ్" అన్నాడు.
ఉత్తరంలో రాయలేదు.
ఇది ఉత్తరం కాదు.

రాత్రి జతలు కడదామని కూర్చుంటే
వచ్చినప్పటి ఫొటోలు
పన్నెండుకి నాలుగే ఉన్నాయి.
"ఒక్కళ్లకీ తోచలేదా తీయాలని?"
గొంతు పెంచాను.
కాంపౌండరు అసిరినాయుడు
కుక్కలకి అన్నం కలుపుతున్నవాడు
మెతుకులంటిన రెండు చేతులూ ఎత్తి చూపించాడు.
"ఎలా తీత్తామండీ?
నానొక పక్క అదిమి పట్టుకున్నాను. డాక్టరమ్మ కుడతంది.
వాచ్‌మేను లైటు పట్టుకున్నాడు.
ఉన్న సేతులన్నీ దాని మీదే ఉన్నాయి."

ఆ నాలుగు ఫొటోలూ మళ్లీ తెరిచాను.
ఒకటి నేను తీసిందే.
ఆ కుక్కపిల్ల తెల్లారేసరికి లేదు.
ఫొటో చాలా స్పష్టంగా వచ్చింది,
చెవి అంచున వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.
కాసేపు టైపు చేయలేకపోయాను.

చివరికి రిజిస్టరు తీశాను.
ముందు ఫొటో ఉండాల్సిన చోట
అసిరినాయుడి వంకర రాతనే స్కాన్ చేసి అతికించాను:
'అక్టోబరు తొమ్మిది. రాత్రి 11.40.
ఆడది. గోధుమరంగు. ఎనక కాలు ఎడం.
ఆటో కిరాయి పుచ్చుకోలేదు.
తువ్వాలు ఒకటి, నీలం. తిరిగి ఇయ్యాలి.'
పక్కన, ఎండలో, పొట్ట చూపిస్తూ బొబ్బిలి.

డాక్టరు చదివింది. మళ్లీ చదివింది.
"దీనికి డబ్బులొస్తాయంటావా?"
తెలీదన్నాను.
"సరే, పంపించు."
గుమ్మం దాకా వెళ్లి ఆగింది.
"ఇంతకీ ఆ తువ్వాలు ఇచ్చేశామా?"

తవుడు బస్తాల వెనక దొరికింది.
ఉతికి ఎల్లాజీకి పంపుదామంటే
దాని మీద నల్లపిల్లి
కళ్లు మూసుకుని పడుకుని ఉంది.
ఇప్పుడైతే ఫొటోలో అసలే పడదు.