కీపు

రైల్వే స్టేషనుకెదురు సందులో మా సామాన్ల రూము.
బోర్డు మీద మొదటి మాట కీప్.
పక్కన సంచి బొమ్మ ఉండబట్టి
పెట్టు అని నాకు నేనే అర్థం చెప్పుకున్నా.

పోయిన తొలేకాదశికి ఒక నాగపూరాయన
సంచులు తీసుకుంటా నూరు రూపాయల నోటిచ్చి
"కీప్ ద చేంజ్" అని రైలెక్కేసినాడు.
పెట్టమన్నాడు గదా,
అరవై రూపాయలు కవర్లో చుట్టి
టోకెను నంబరు నలభై ఏడని రాసి
చీటీల డబ్బాలో పెట్టినా.
మళ్లా దర్శనానికి రాకపోతాడా.

రీచార్జి కొట్టు షంషాద్ పగలబడి నవ్వింది.
"నిన్నే ఉంచుకోమన్నాడక్కా!"

ఉంచుకో.
ఆ మాట కాడ నా చెయ్యి ఆగిపొయ్యింది.

ఏబీసీడీలు రాకముందే నాకు తెలిసిన ఇంగ్లీషు అదొకటే.
చిత్తూర్లో, బోరింగు కాడ
బిందెల వరసలో మా యమ్మ వంతొస్తే
ఎనకనించి ఒక గొంతు:
"బెల్లం మండీ ఆయప్ప కీపు."
పేరనుకున్నా.
ఇస్కూల్లో తల్లి పేరడిగితే అదే చెప్పినా.
అయ్యవారు బెత్తం బల్లకేసి కొట్టి
"కీప్ క్వైట్" అన్నాడు.

"అది పేరు కాదక్కా, క్రియ" అంటాది షంషాద్.
ఏడు దాటినాక, రేణిగుంట బండి వచ్చేలోపల
నోటుబుక్కులో పాఠం.
కీప్ అంటే దాచడం.
సాకడం గూడానంట, కోళ్లనీ కుక్కల్నీ.
ఇచ్చిన మాట తప్పకపోవడం.
ఆపకుండా నడస్తానే ఉండడం.
ఊరగాయ చెడకుండా నిలవుంటే, అదీ కీపేనంట.

రాసుకుంటా రాసుకుంటా లెక్క చూసినా.
ఆయప్ప మా ఇంట్లో మంచాన పడి పదకొండు నెలలు.
సొంతోళ్లు వాకిలి తొక్కలా.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పగలంతా టెంకలు తీసి
జిగురు చేతుల్తో వచ్చి గంజి తాపింది మా యమ్మ.
ఎవురు ఎవుర్ని ఉంచుకున్నట్టు?

"అయిపోయినదానికి కెప్ట్ అనాలక్కా.
పక్కపక్కనుండే రెండు 'ఈ'ల్లో ఒకటి పోతాది.
చివర్లో టీ వచ్చి తగులుతాది."
పోతాది, అని నేను గూడా అన్నా.

సొంతంగా ఒక వాక్యం రాయమనింది.
మై మదర్ కెప్ట్
అని రాసి ఆపినా.
"ఏం కెప్ట్? దేన్నో చెప్పాల గదక్కా,
లేకుంటే వాక్యం నిలబడదు."

అంతలో బండి దిగినోళ్లు, నిద్ర మొగాలు,
బల్ల మీద ఒగేసారి ఎనిమిది సంచులు.
ఖాళీ అట్నే వదిలేసి
ఒక్కోదానికీ టోకెను కట్టినా.

నలభై ఏడో కవరు ఇంకా డబ్బాలోనే ఉండాది.
షంషాద్‌కి చెప్పలా.