ఇంటి మీద సాక్ష్యం

ముప్పై ఒక్కేళ్ళు ఉత్తరాలు పంచినవాణ్ణి.
బోమాంట్ ఊళ్ళో ప్రతి ఇంటితోనూ
గుమ్మం దాకానే నా చనువు.
కుక్కలు తెలుసు, విరిగిన మెట్లు తెలుసు,
ఏ డబ్బా మూత వానకి బిగుసుకుంటుందో తెలుసు.
లోపలి సంగతి ఎన్నడూ తెలియలేదు.

రిటైరయ్యాక ఈ బల్ల వెనక కూర్చోబెట్టారు.
ముగ్గురం. రోజుకింత భత్యం, నీళ్ళ సీసా ఉచితం.
ఏప్రిల్లో ఇంటి విలువ కాగితం అందుకున్నవాళ్ళు
మే సగానికల్లా "ఒప్పుకోను" అని రాసి పంపితే
జూన్ ఎండలో మా ముందుకొస్తారు.
కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసి
పదిహేను నిమిషాలు
సొంత ఇంటిని తిట్టుకుంటారు.

చుట్టాలొస్తే తివాచీ కింద దాచే మరకని
ఫొటో తీసి, పెద్దది చేసి, మూడు కాపీలు తెస్తారు.
ఇంటిగుట్టు లంకకు చేటంటారు గాని
ఇక్కడ గుట్టు విప్పినవాళ్ళకే తగ్గింపు.

ఉత్త చేతుల్తో వచ్చి
"పన్ను కట్టలేను బాబూ" అనేవాళ్ళుంటారు.
వాళ్ళ ముఖం చూడలేను.
పన్ను మా చేతిలో లేదు, విలువ ఎక్కువంటేనే వింటాం,
అని చెప్పే వంతు ఎప్పుడూ నాదే.
ట్రాన్ వాన్ ఖోయ్ అలా రాలేదు.
ఆయిలు ఫ్యాక్టరీ గోడ పక్కన ఇల్లు,
ఆరేసిన దుప్పటి మీద దులిపిన మసి
జాడీనిండా తెచ్చి మూత తీశాడు.
ముగ్గురం తుమ్మాం.

నిన్న మంగళవారం, పదకొండో నంబరు,
డెల్ఫీన్ ఆర్సెనో.
స్కూలు బస్సు నడిపి మానేసిన మనిషి.
చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ,
ఒళ్ళో బూట్ల అట్టపెట్టె.

ఆఫీసు తరఫున గ్రేడీ, కుర్రాడు,
తెర మీద మూడిళ్ళు చూపించాడు.
పక్క వీధివే, ఆమె ఇంటంతవే, కిందటేడు అమ్ముడయినవే,
కాబట్టి లక్షా ఎనభై ఏడు వేల డాలర్లు.
"లోపలికెళ్ళి చూశావా నాయనా?"
"లేదండి. వీధిలోంచి."
నాకెందుకో నా పాత సంచీ గుర్తొచ్చింది.

ఆమె పెట్టె తెరిచింది.
ఆ మూడిళ్ళ అమ్మకం ప్రకటనలే,
ఒకదానికి కొత్త కప్పు, రెండింటికి కొత్త వంటగది,
పెన్సిలుతో గీతలు గీసి మరీ.
పునాది బాగుచేసేవాడి అంచనా, సంతకంతో, ఇరవై రెండు వేలు.
తుఫాను నీళ్ళు గోడ మీద ఆగిన గీత,
పక్కన స్కేలు నిలబెట్టిన ఫొటో.
అడుగున ఒక గాజు గోళీ.

"వంటింటి గుమ్మంలో వదిలితే
ఎవరూ ముట్టుకోకుండానే
మా ఆయన మంచం కిందకెళ్తుంది.
పిల్లలకి అదో పందెం.
నలభై ఏళ్ళుగా బయట ఎవరికీ చెప్పలేదు"
అంటూ మా బల్ల మీద వదిలింది.

గోళీ కదల్లేదు.
ముగ్గురం దాన్నే చూస్తున్నాం, గ్రేడీ కూడా.
"మీ బల్ల సమంగా ఉంది" అంది.
"నేను చెప్పేదీ అదే."

లక్షా యాభై రెండు వేలు, అంది మా అధ్యక్షురాలు.
మూడు చేతులూ లేచాయి.
పట్టుమని అరనిమిషం పట్టలేదు.

గెలిచినవాళ్ళు కాగితాలు ఏరుకుని
మేం మనసు మార్చుకుంటామేమో అన్నట్టు వెళ్ళిపోతారు.
ఆమె గోళీని రుమాల్లో చుడుతూ ఆగింది.
"ఒక్కరైనా కాదనలేదే" అంది,
కూతురి మీద తనే చాడీ చెప్పి
ఊరంతా నమ్మేసరికి నొచ్చుకున్న తల్లిలా.
"తూర్పు కిటికీ సంగతి చెప్పనేలేదు నేను.
పొద్దున ఏడింటికి ఆ వంటింట్లోకి..."

చెప్పకండమ్మా, అన్నాను మెల్లగా.
టేపు ఇంకా తిరుగుతోంది.