దుంపకు రంపం

లియెపాయలో చివరి ట్రామ్ స్టాపు దిగి
పది నిమిషాలు నడిస్తే మా తోటలు.
తలా పిడికెడు నేల, ఒక రేకుల గది,
ఒక నీళ్ల పీపా, పక్కవాడితో ఒక పాత గొడవ.

ఆ సెప్టెంబర్లో పార్సిల్ విప్పితే
తడి రంపపు పొట్టులో చుట్టిన దుంప.
ముసలి బొటనవేలంత ముడతలు,
మూడు గులాబి కళ్లు.
"దీనికి అరవై యూరోలా?
రెండు వారాల కట్టెలొచ్చేవి కదా వెల్తా"
అన్నాడు కంచె మీంచి హెర్బెర్ట్స్.
ముప్పై ఏళ్లు ఓడరేవులో క్రేన్ నడిపినవాడు.
దేన్ని చూసినా ముందు బరువు కడతాడు.

చెట్టు పియోనీ పుప్పొడి, నేల పియోనీ కడుపు.
వేలసార్లు కలిపితే ఒకటో రెండో గింజలు.
ఆ గింజ మొలిస్తే అదృష్టం.
అట్లా పుట్టినదాని తునక ఇది.

రెండు వేళ్ల లోతు, అంతే.
లోతెక్కువైతే ఆకులే తప్ప పువ్వు రాదు.
"ఇంకాస్త కిందికి పెట్టు, మంచుకి చస్తుంది."
పెట్టలేదు.
అతను ఆ సంగతి మర్చిపోనూ లేదు.

మొదటి ఏడు ఐదు ఆకులు.
రెండో ఏడు ఒక మొగ్గ, బఠాణీ గింజంత.
మే నెల ఆఖరి మంచుకి నల్లబడి
కాలిన అగ్గిపుల్ల తలలా రాలింది.
హెర్బెర్ట్స్ ఏమీ అనలేదు. ఈల వేశాడు.
అంటేనే బాగుండేది.

నేల పియోనీకి చలికాలం ముందు
కాడలన్నీ మొదలంటా కోసేయాలి.
చెట్టు పియోనీని ముట్టుకోకూడదు.
దీన్ని జానెడుంచి కోయమంది నర్సరీ కాగితం.
"ఇంతకీ ఇది చెట్టా, మొక్కా?" అన్నాడతను.

బళ్లో నన్నూ అట్లాగే అడిగేవాళ్లు.
అమ్మది లాట్వియన్, నాన్నది రష్యన్.
ఏ భాషలో వస్తాయే నీకు కలలు, అని.
పంటినొప్పి ఏ భాషలో వస్తుందో
ఆ భాషలోనే, అనేదాన్ని.
రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతారట.
ఈ మొక్కకి ఆ సంగతి
ఎవరూ చెప్పినట్టు లేదు.

మూడో ఏడు, అందరి పియోనీలూ రాలి
దారంతా గులాబి చెత్తయ్యాక,
యాణి జాగారానికి మూడు రోజుల ముందు
విచ్చింది.
పసుపు.
వెన్న కరిగి, ఇంకా మాడని క్షణంలో ఉండే పసుపు.
రేకుల మొదట్లో, చెర్రీలు తిన్న పిల్ల
మూతి తుడుచుకున్నట్టు ఎర్ర మరక.
వాసనంటారా, నిమ్మతొక్కకీ తడి కాగితానికీ నడుమ.

సాయంత్రం వాన, సముద్రం వైపునుంచి, అడ్డంగా.
గొడుగు పువ్వుకి పట్టి నిలబడ్డాను.
నాకు అరవై ఏడేళ్లు.
వీపు పూర్తిగా తడిసింది.
కాసేపటికి ఇంకో గొడుగు, రెండు ఊచలు విరిగినది,
నా నెత్తి మీదికి వచ్చింది.
"ఎంత బరువుంటుందంటావు?"
"ఏది?"
"తడిసిన పువ్వు."
నూట ఇరవై గ్రాములని నేను, వందని అతను.
చీకటి పడేదాకా తేలలేదు. అక్కడ జూన్లో
చీకటి అసలు పడదనే చెప్పాలి.

ఆగస్టులో కాయలు కోసి చూశాను.
మూడూ ఖాళీ. తోలు సంచుల్లో గాలి.
దీనికి వంశం లేదు.
ఉన్నదాన్నే తవ్వి, కోసి, ఇచ్చుకోవాలి.

ఏడో ఏట తవ్వాం.
దుంప కాదది, ఎముక.
పారకి లొంగలేదు, కత్తి మొన విరిగింది.
హెర్బెర్ట్స్ కట్టెల రంపం తెచ్చాడు.
ఆ పిడి అతను, ఈ పిడి నేను.
లాగు, వదులు, లాగు.
తెల్లటి పొట్టు బూట్ల మీద రాలింది,
దగ్గుమందు వాసనతో.

నా సగం నేను నాటుకున్నాను.
తన సగం తను కోటు జేబులో పెట్టుకెళ్లి
కంచె అవతల గొయ్యి తీస్తున్నాడు.
చూస్తున్నాను.
రెండు వేళ్లు, మూడు వేళ్లు,
నాలుగు.
నేనేమీ అనను.
ఈల వేస్తాను.