ట్యాంకరు మీద

పదివేల లీటర్లు నింపుకుని మార్సబిట్‌లో బయల్దేరాను.
మూడేళ్ళుగా ఇదే పని నాకు,
చినుకు మొహం చూడని పల్లెలకి
నీళ్ళని చిల్లరలా లెక్కపెట్టి ఇవ్వడం.

చాల్బీ ఎడారి అంచున, ఎండిన వాగు మధ్యలో
వెనక టైరు దిగబడింది.
జాకీ పెడుతుంటే ఇసక కింద ఏదో గురక.
తలెత్తితే మబ్బుతునక లేదు.
వాన ఎక్కడో హురీ కొండల మీద కురిసిందట,
మాకు తెలిసేసరికి నడుముదాకా ఉంది.

ముళ్ళపొదల్లోంచి ఒకరినొకరు పట్టుకుని
అరుస్తూ వచ్చి ట్యాంకరెక్కారు:
పదిహేడుమంది, రెండు మేకపిల్లలు, ఒక రేడియో.
లోపలి నీళ్ళ బరువే
బయటి నీళ్ళకి మమ్మల్ని ఇవ్వలేదు.

రాత్రికి వాన మా మీదికే వచ్చింది, చలిగాలితో.
తెల్లారి చూస్తే ఒంటెలు పోతున్నాయి వరదలో,
ఎండకి పడ్డవీ, నిన్న చలికి పడ్డవీ
పక్కపక్కనే.
ఏది దేనికి చచ్చిందో గూయో చెప్పగలడు.
"ఎండకి పోయింది తేలిక. అదే ముందు పోతుంది."

చుట్టూ ఇంత నీరు, గుక్కెడు పనికిరాదు.
కుళాయి మునిగిపోయింది.
పై మూత తీసి, తాడుకి డబ్బా కట్టి తోడుతున్నాను.

పళ్ళు టకటకమంటుంటే ధాకి ముసలమ్మ
శాలువ ముడి విప్పి
తడిసిన చీటీ ఒకటి చూపించింది.
నలభై రెండు.
నా దస్తూరీయే, నిరుటిది.
ఆ రోజు నలభై దగ్గర నీళ్ళయిపోయాయి.

వరదకేసి చూడనైనా చూడకుండా
"నా ముందు ఇంకా ఎంతమంది?" అంది.