కనుబొమ్మ

స్పొలేతోలో బస్సెక్కితే
నా పక్క సీట్లో రొట్టెల బుట్ట కూర్చుని ఉంది.
దానికీ టికెట్టు కొట్టాడు నజ్జరేనో.
డ్రైవరూ అతనే, కండక్టరూ అతనే,
ఈ కొండదారికి పోస్టుమేనూ అతనే.
ఒక మలుపు దగ్గర ఆపి
కిటికీలోంచి ఎవరికో బీపీ మాత్రలు అందించాడు.
ఇంకో మలుపు దగ్గర ఊరికే ఆపాడు.
"చూడండి" అన్నాడు, అంతే.
కింద లోయ నిండా ఆలివ్ చెట్లు,
గాలి తోసినప్పుడల్లా ఆకుల వెనకవైపు వెండి,
తోయనప్పుడు ఉత్త బూడిదరంగు.
ఎనిమిది మందిమి చూశాం.
రోజూ ఆపుతావా అంటే
"ఎండాకాలం ఆపను, ఏసీ చల్లదనం పోతుంది" అని గేరు మార్చాడు.

కొల్లెబ్రూనాలో గుడికి
ఇప్పుడు మూడు గోడలు, ఇనుప ఊతకర్రలు.
నాలుగో గోడ బడి వ్యాయామశాలలో ఉంది,
బాస్కెట్‌బాల్ గీతల మీద,
పీచ్ పళ్లు మోసే ప్లాస్టిక్ పెట్టెల్లో,
నూట అరవై పెట్టెల్లో.
భూమి ఇరవై సెకన్లు ఒళ్లు విరుచుకుంటే
ఆరొందల ఏళ్ల బొమ్మ
గుప్పెళ్ల లెక్కకు వచ్చింది.

దెర్నా ఏడేళ్లుగా ఏరుతోంది.
ముక్కు మీదికి జారే కళ్లద్దాలు,
ఇసుక పరిచిన పళ్లేలు,
ఎదురుగా ఒక పెళ్లి ఫోటో.
గోడ ఆ మూలకి ఇంతకన్నా మంచి ఫోటో లేదట.
అదీ నలుపు తెలుపులో.
సరిగ్గా కెమెరా నొక్కే క్షణాన
పెళ్లికూతురి మేలిముసుగు ఎగిరి
వెనక దేవదూత ముఖం సగం కప్పేసింది.
ఆ సగం ఎలా ఉండేదో
ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు:
నవ్వేదని, మెల్లకన్నని,
చిత్రకారుడు అప్పు ఎగ్గొట్టిన వడ్డీవాడి పోలికని.
"ఆ ముసుగు నాదే" అంది దెర్నా.
"మొగుడు మిలాన్ వెళ్లి రాలేదు.
ఫోటో చింపనందుకు అమ్మ తిట్టింది."

నీలం సులువట.
ఖరీదైన రంగు, పిసినారిగా పూశారు,
ఎక్కడిదో ఇట్టే తెలుస్తుంది.
చర్మం రంగే చంపేస్తుంది.
పునీతుడికీ, పునీతుణ్ణి పొడిచే సైనికుడికీ
ఒకే గిన్నెలో కలిపారు.
ఏడేళ్లలో ఆ సగం ముఖానికి
ఒక కనుబొమ్మ దొరికింది.
గోరంత.
దాన్ని నాకు చూపించేటప్పుడు
ఊపిరి బిగబట్టమంది, ఎగిరిపోతుందని.

మధ్యాహ్నం పళ్లేలు అటు జరిపి
అదే బల్ల మీద సంచి బోర్లించింది.
కొండమీది పప్పు, గసగసాల కన్నా కాస్త పెద్దది,
ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు, ఒకదాని రంగు ఒకదానికి రాదు.
"చేతులు ఊరికే ఉన్నాయిగా, రాళ్లు ఏరు."
ఏరుతుంటే చెప్పింది:
ఒకసారి మూడు రోజులు ఒక గోధుమ ముక్కని
సన్యాసి అంగీలో ఇరికించాలని కూర్చుందట.
నాలుగోరోజు అది తడికి ఉబ్బింది.
పప్పు గింజ.

మా భాషలో దీనికి మాటుంది అన్నాను.
పొరబడితే పప్పులో కాలేశావంటాం.
దెర్నా తన చెప్పులు చూసుకుని
"కాలే నయం, నేను సన్యాసినే దించాను" అని
కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వింది.

వెల్లుల్లి, సెలరీ, పైన పచ్చి ఆలివ్ నూనె,
గొంతులో చురుక్కుమనే కొత్త నూనె.
ఉప్పులేని రొట్టె.
ఎప్పుడో పోపుగారు ఉప్పుమీద పన్ను పెంచాడట,
ఆ అలక ఇంకా తీరలేదట.
నాలుగో ముద్దకి
నా పంటి కింద కటుక్కుమంది.
నేను ఏరిన పప్పే.

సిగ్గుపడి అరచేతిలోకి తీశాను.
దెర్నా లాక్కుంది.
కుళాయి కింద కడిగి, కిటికీ దగ్గరికి పోయి
వెలుగులో ఇటు తిప్పి, అటు తిప్పి,
వేలితో నిమిరి,
మళ్లీ వెలుగులో పెట్టి
"రాయే" అంది.
అని, పారేయకుండా
ఏప్రన్ జేబులో వేసుకుంది.

కిందనుంచి హారన్.
తిరుగు బస్సులో నజ్జరేనో ఎక్కడా ఆపలేదు, చీకటి పడింది.
వేళ్లకి నూనె వాసన.
నా పక్కన బుట్ట, ఖాళీది.
ఈసారి దానికి టికెట్టు అడగలేదు.