నూట అరవై రెండు మెట్లు

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
పంతొమ్మిదేళ్లు కూర్చున్నాను వాల్పరైసోలో,
కొండ కరగలేదు.
నా నడుమే దానికి పోటీ వచ్చింది.

మీట లాగితే ఒక పెట్టె పైకి పోతుంది,
అదే కేబుల్‌కి వేలాడుతూ రెండోది కిందికి వస్తుంది.
చేపలమ్మేవాళ్లు, బడిపిల్లలు, గ్యాస్ బండలు,
ఒకసారి ఒక శవపేటిక కూడా.
ఊరంతటినీ కొండెక్కించాను,
ఒకే కుర్చీలో, ఒకే దిండు మీద కూర్చుని.
ఊపిరి సలపని పని కాదు నాది.
ఊపిరితో పనే లేని పని.

పోయిన మార్చిలో డాక్టరమ్మ
చల్లటి బిళ్ల వీపుకి ఆనించి
"గట్టిగా పీల్చండి" అంది.
పీల్చాను.
"ఊఁ, పీల్చండి మరి" అంది.
అప్పటికే పీల్చేశాను.

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక
పెట్టె ఎక్కకుండా పట్టాల పక్క మెట్లకేసి చూశాను.
నలభై మూడో మెట్టు దగ్గర పసుపు తలుపు.
అక్కడే కూలబడ్డాను.
లోపలి కుర్రాడు నీళ్లిచ్చాడు,
వాళ్ల కుక్క నా షూలేసు నమిలింది.
మర్నాడు నలభై ఏడు.
ఆ మర్నాడు వాన. ఆ తర్వాత మా చెల్లెలి పుట్టినరోజు.
ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, ఏ సాకూ లేదు,
ఎక్కలేదంతే.

ఆదివారం పాత సామాన్ల సంతలో
తుప్పు తాళాలకీ తల లేని బొమ్మలకీ నడుమ
ఒక ట్రంపెట్.
"మెడ కాస్త సొట్టపోయింది గానీ గొంతు మంచిదే" అన్నాడు అమ్మేవాడు.
ఆ మాట నా గురించి ఎవరైనా అంటే బాగుండుననిపించింది.
బేరమాడకుండా కొన్నాను.

"ఈ వయసులో ఈ వేషాలేమిటి ఎర్మెలిందా?"
మా వదిన నెలిదా.
"ఏ వయసులో వేస్తారో చెప్పు, అప్పుడు వేస్తాను" అన్నాను.

ఎవరిస్తో, అగ్నిమాపక దళం బ్యాండులో
పళ్లు ఊడేదాకా ఊదినవాడు,
నా మొదటి స్వరం విని టోపీ తీసి పక్కన పెట్టాడు,
పోయినవాళ్లకి తీసినట్టు.
కింద రేవులో సముద్రసింహాలు
ఒక్కసారిగా బదులు పలికాయి.
"వాటికి నచ్చింది" అన్నాడు చాలాసేపటికి.
"పెదాలతో కాదమ్మా, పొట్టతో ఊదాలి.
పొట్టకి పాఠం నేను చెప్పలేను,
మెట్లు చెబుతాయి."

సరే, మళ్లీ మెట్లు.
అరవై. డెబ్భై ఒకటి. మళ్లీ అరవై.
ఎడమ మోకాలు బెట్టు చేసింది,
నేను మెట్టు దిగలేదు.
ఒక్కో మలుపులో ఒక్కో వాసన:
వేయించిన ఉల్లిపాయ, తడి సున్నం, ఎవరి కిటికీలోదో జెరేనియం.
పెట్టెలో ఎక్కినన్నాళ్లూ
ఈ కొండకి వాసన ఉందని తెలీదు నాకు.

ఆగస్టులో కేబుల్ తెగింది.
పెట్టెలు రెండూ దారి మధ్యలో
మొహాలు చూసుకుంటూ నిలబడిపోయాయి, ఖాళీగా, నయం.
కింద వరసలో దర్జీ బావుదిలియో,
రిపేరు చేయించిన కుట్టుమిషను తల సంకలో పెట్టుకుని,
కొండ కొసని చూస్తూ.
"ఇటివ్వండి" అన్నాను.
ఇనుము. పసిపిల్లలా చల్లగా, బరువుగా, మొండిగా.
దారంతా ఆయన కూతురి విడాకుల గొడవ,
నా వైపు నుంచి సలహాల మీద సలహాలు.
పైన ఆయన గుమ్మంలో దించాక అడిగాడు:
"మాట్లాడుతూనే ఎక్కావే, ఆయాసం రాలేదూ?"

అప్పుడు గుర్తొచ్చింది.
పసుపు తలుపు ఎప్పుడు దాటిపోయిందో
నేను చూడనే లేదు.

ఆ రాత్రి కిటికీ తెరిచి
ఒక్క స్వరం పట్టుకున్నాను.
ఎదురింటి దీపం వెలిగింది, ఆరింది,
ఇంకా పట్టుకునే ఉన్నాను.
సముద్రసింహాలు ఈసారి పలకలేదు.
వింటున్నాయో, నిద్రపోయాయో.

కేబుల్ బాగైంది. మీట దగ్గర మళ్లీ నేనే.
దిండు మాత్రం టికెట్ల అమ్మాయికిచ్చేశాను.
రెండో స్వరం ఇంకా గాడిదలాగే ఉంది.
మోకాలికి రాత్రుళ్లు కర్పూరం నూనె.